అర్థం కాని ఉపన్యాసానికి పది మార్కులు

శనివారం, కోడేరు

బడిలో పిల్లల ఉపన్యాసాలకు మార్కులు వేయమని పెద్దమనిషిగా నన్ను కూర్చోబెట్టారు. రజియా మా ఊరి బోర్లు ఎండిపోవడం గురించి తెలుగులో చెప్పింది. ప్రతి మాటా అర్థమైంది, అందుకే వంకలు పెట్టి ఆరు వేశాను. ఇంగ్లీషులో గడగడా మాట్లాడిన పిల్లవాడికి, నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా పది వేశాను. నాగర్‌కర్నూల్ పోటీకి వాడే పోతాడు.

తర్వాత సారు నవ్వాడు. "పెద్దాయనా, వాడు నడుమ మర్చిపోయి మొదటిదే మళ్ల చెప్పిండు. మీకు తెల్వలేదా?"

"తెల్వకేంది, గొంతు జూసి ఏసిన" అని బుకాయించాను.

గేటు దగ్గర రజియా ఆపింది. "తాతా, నాకు యాడ తప్పయింది? జర చెప్పు, దిద్దుకుంట."

తల నిమిరి ఇంటికి వచ్చేశాను. సారుకు ఫోన్ చేసి, నాకు ఇంగ్లీషు రాదని ఒప్పుకుంటే సరిపోతుంది. ఫోన్ చేతిలోనే ఉంది. ఆ పిల్ల వాళ్లింట్లో కూర్చుని, లేని తప్పు వెతుక్కుంటూ ఉంటుంది.