మూడో మెట్టు

కోడలమ్మకు అత్తయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ల క్షేమం కింద విడిగా రాస్తాను, వాటికి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి. నువ్వూ, అబ్బాయీ, చిట్టీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మొన్న అందింది. వచ్చిన రోజే ఈ ఊటనీళ్ల వైద్యశాలవాళ్లు విశ్రాంతి పేరు చెప్పి ఫోన్లు తీసుకుని బీరువాలో పెట్టేస్తే విసుక్కున్నాను గానీ, దానివల్ల ఒక మేలు జరిగింది. ఫోన్లో అయితే "బాగానే ఉన్నానమ్మా" అని పెట్టేసేదాన్ని. కాగితం ముందు కూర్చుంటే అంత తేలిగ్గా తప్పించుకోలేను.

ఊటనీళ్లు తాగుతున్నారా అని అడిగావు. తాగుతున్నాను. పొద్దున్నే వరండాలో ఇత్తడి కుళాయి దగ్గర గ్లాసులు పట్టుకుని అందరం వరసలో నిలబడతాం. నీళ్లు గోరువెచ్చగా, గీసి ఆర్పిన అగ్గిపుల్ల వాసనతో ఉంటాయి. మొదటి రోజు ముక్కు మూసుకుని తాగాను. ఇప్పుడు రెండో గ్లాసు నేనే అడిగి పోయించుకుంటున్నాను, నువ్వు నవ్వినా సరే. వేడి భరించగలుగుతున్నారా అన్నావు. తొట్టిలోకి దిగేటప్పుడు ప్రాణం పోయినట్టుంటుంది, పావుగంటకు లేవమంటే లేవబుద్ధి కాదు. తర్వాత మోకాళ్లకు వెచ్చటి బురద పట్టించి, దుప్పటి చుట్టి పడుకోబెడతారు. నా పక్క మంచం మీద రిటైరైన లెక్కల టీచరొకావిడ ఉంటుంది. బురద తగలగానే గుర్రు పెడుతుంది, నిద్రలో కూడా ఎవరినో బెంచీ ఎక్కమని గదమాయిస్తుంది. ఇక్కడ మనుషులను తొట్టి నంబరుతోనే పిలుస్తారు. నేను ఏడుగారిని.

ఇక మోకాళ్లు. నిన్న కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచాను. లేచిన సంబరంలో ఎందుకు లేచానో మర్చిపోయి మళ్లీ కూర్చున్నాను.

ఇదంతా నీ చలవ. నా సుపుత్రుడు "వయసన్నాక నొప్పులుండవా" అని పేపర్లో తల దూర్చేశాడు. నేను గోడ పట్టుకుని మెట్లు దిగడం చూసింది నువ్వు. ఈ చోటు వెతికింది, డాక్టరుతో మాట్లాడింది, పెట్టె సర్ది లోపలివైపు నా మందుల పట్టీ పెద్దక్షరాలతో అంటించింది కూడా నువ్వే. టీచరుగారు ఆ పట్టీ చూసి కూతురు రాసిందా అని అడిగింది. కోడలంటే చాలాసేపు నమ్మలేదు. ఆ రోజు నాకు ఎంత గర్వంగా అనిపించిందో, అంత సిగ్గుగానూ అనిపించింది. ఎందుకో చెబుతాను.

కళ్లద్దాల షాపువాళ్లు నిన్ను మళ్లీ పనిలోకి రమ్మన్నారని రాశావు. నెలాఖరులోగా చెప్పాలట. వద్దనే చెబుతానన్నావు. "నా అజాగ్రత్త మీకు తెలుసుగా అత్తయ్యా, ఆ రోజు తర్వాత నామీద నాకే నమ్మకం లేదు" అని రాశావు. ఆ మాట చదివాక అన్నం సహించలేదు.

నిన్న మధ్యాహ్నం మమ్మల్ని వేడినీళ్ల కొలనులో నడిపించారు. కొలనులోకి కడ్డీ ఉన్న మెట్లుంటాయి. ముందు వట్టి చేతులతో ఎక్కి దిగాలి. అది వచ్చాక, స్నానాలు చేయించే ఆవిడ నీళ్లు నింపిన రబ్బరు సంచి ఒకటి ఇచ్చి, గుండెలకు హత్తుకుని దిగమంటుంది. ఎనిమిది కిలోలుంటుంది, మెత్తగా, వెచ్చగా. అది చేతుల్లోకి రాగానే నా కాళ్లు కదల్లేదు. ఆవిడ నన్ను తొందరపెట్టలేదు.

"ఏం ఎత్తుకుని పడ్డారు?" అంది. "ఈ సంచి ఇవ్వగానే బిగుసుకుపోయేవాళ్లంతా ఏదో ఒకటి ఎత్తుకుని పడ్డవాళ్లేనండి."

"మనవరాల్ని" అన్నాను. ఐదేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

అమ్మా, ఆ రోజు చిట్టి మంచం మీంచి పడలేదు. నువ్వు స్నానానికి వెళ్లావు. ఎనిమిది నెలల పిల్ల, లేచి ఏడ్చింది. పాలు వెచ్చబెడదామని ఎత్తుకుని కిందికి దిగుతుంటే మూడో మెట్టు మీద నా మోకాలు మడతపడిపోయింది. పిల్ల కనుబొమ్మ కడ్డీకి కొట్టుకుంది. ఎలా పైకొచ్చానో తెలియదు, వచ్చి మంచం పక్కన నేలమీద కూలబడ్డాను. నువ్వు తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చి, మంచం మీంచి పడిందా అని అడిగావు. నేను "ఊ" అన్నాను.

కుట్లు పడ్డాక చెబుదామనుకున్నాను. ఈలోగా అబ్బాయి వచ్చి, దిళ్లయినా అడ్డం పెట్టలేదా, ఆ ఉద్యోగం ధ్యాసలో పిల్ల కూడా పట్టదా అని నీమీద అరిచాడు. పెట్టాననుకున్నానని ఏడ్చావు. నేను మంచినీళ్ల గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నిజం చెబితే మళ్లీ పిల్లను నా చేతికివ్వరని భయపడ్డాను. వారం తిరక్కుండా నువ్వు ఉద్యోగం మానేశావు. ఇక నోరు పెగల్లేదు. మోకాలి నొప్పి నిరుడు మొదలైందని నీకు చెప్పింది కూడా అబద్ధమే.

నేను చెప్పిందంతా విని ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "అయితే ఎత్తుకునే దిగుదాం" అంది. సంచి గుండెలకు అదుముకుని ఒకటి, రెండు, మూడు మెట్లు దిగాను. కాలు నిలబడింది. నీళ్లలో ఏడిస్తే ఎవరికీ కనపడదని ఏడ్చాను గానీ, ఆవిడకు తెలిసిపోయింది.

అబ్బాయికి విడిగా అంతా రాసి పొద్దున్నే పోస్టు చేశాను. నీకు రాస్తూ భయపడి ఆగిపోతానేమోనని అది ముందు వేసేశాను. ఉత్తరంలో క్షమించమని అడిగి తప్పుకోను, వచ్చి మీ ఇద్దరినీ కూర్చోబెట్టి అడుగుతాను. చిట్టిని నా దగ్గర వదలాలా వద్దా అన్నది నువ్వే ఆలోచించుకో, ఏమన్నా నాకు సమ్మతమే. షాపువాళ్లకు మాత్రం, పనిలోకి వస్తున్నానని ఈ ఉత్తరం అందిన రోజే చెప్పు. నీ చేతుల్లో ఏ అజాగ్రత్తా లేదు.

పెట్టాననుకున్నానన్నావు. పెట్టావమ్మా. నేను గదిలోకి వచ్చేసరికి చిట్టికి అటొకటి, ఇటొకటి, కదలకుండా ఆనించిన రెండు దిళ్లున్నాయి. పిల్లనెత్తుకోవడానికి వాటిని తీసింది నేను.

ఇట్లు,
మీ అత్తయ్య