మంట అంటని ఇంటి కప్పు

తిరువూరు,
రోహిణీ కార్తె, 1974.

అక్కయ్య పాదాలకు తమ్ముడు సింహాచలం దండం పెట్టి రాసేది. ఇక్కడ నేను, మా అమ్మాయి సరోజ ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వు, బావగారు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. బావగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? సముద్రపు గాలికి పట్టేస్తుంది, సాయంత్రాలు వరండాలో కూర్చోనివ్వకు.

నేను మాత్రం ఆ గాలి కోసం మొహం వాచిపోయాను. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటే సామెతే అనుకున్నాను గానీ రిటైరై ఈ ఊరొచ్చాక నిజమేనని తెలిసింది. భోజనానికి లోటు లేదు. సరోజ రోజూ అత్తారింటి నుంచి నా గదికి క్యారియరు తెచ్చిస్తుంది. వీళ్ళ పచ్చళ్ళ కారానికి మొదట్లో నాకే ఫైరింజను కావాల్సి వచ్చింది, ఇప్పుడు అలవాటైంది. నా గురించి బెంగ పెట్టుకోకు.

అసలు సంగతి చెప్పకుండా చుట్టూ తిరుగుతున్నాను అక్కయ్యా. మన పెరటి గది ఖాళీ చేయించి ఉంచు. నేను వచ్చేయాల్సి రావచ్చు. కంగారు పడకు, నాకేం కాలేదు.

ఇక్కడ వేసవిలో ఒక కట్టుబాటు ఉంది. పడమటి గాలి లేచే రోజుల్లో, ఎండెక్కాక ఎవరూ పొయ్యి వెలిగించకూడదని డప్పు కొట్టి చెబుతారు. వీధి వీధంతా తాటాకిళ్ళు మరి. పొద్దున్నే వండుకుని మధ్యాహ్నం చల్లన్నం తింటారు. అయినా ఎవరి పొయ్యిలో మిగిలిన నిప్పో, పోయిన మంగళవారం మిట్టమధ్యాహ్నం సరోజ వాళ్ళ వీధి పడమటి కొస అంటుకుంది.

ఫైరింజను బెజవాడ నుంచి రావాలి. అది వచ్చేసరికి బూడిద కూడా చల్లారిపోతుంది. జనం ఎవరింటి కప్పు మీద వాళ్ళు కడవతో కూర్చున్నారు. బావుల్లో నీళ్ళు అడుగంటాయి. గాలి ఎటుందో, మంట ఎటు పోతోందో చూశాను. మధ్యలో ఒక్క ఇంటి కప్పు ముందే విప్పేస్తే మంటకి మేత దొరకదు, అవతలి వీధంతా దక్కుతుంది. ఆ ఒక్క ఇల్లూ మా వియ్యంకుడు వీరభద్రయ్యగారిది. మా సరోజ కాపురముంటున్న ఇల్లు. శివరాత్రి వెళ్ళాకే కొత్త తాటాకు కప్పించారు.

ఫైరు సర్వీసంతా రేవులో తగలబడే గోనె గోడౌన్లు, నూనె పీపాలు చూసినవాణ్ణి. గంట మోగితే ఏనాడూ కాలు వెనక్కి పడలేదు. ఆ రోజు పడింది. వీరభద్రయ్యగారు రెడ్డిగూడెంలో మామిడి తోటకి వెళ్ళారు. అల్లుడు కాయల లారీతో నాగపూరు పోయాడు. వియ్యపురాలు గేదెను విప్పుతూ "వద్దన్నయ్యగారూ, మా ఇంటి జోలికి రాకండి" అని ఏడుస్తోంది.

అంతలో సరోజ కాయలు కోసే దోటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "చూస్తావేంటి నాన్నా, లాగు!" అంది. చచ్చి ఏ లోకాన ఉందో నీ మరదలు, గంట మోగగానే మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి గుమ్మంలో నిలబడేది, ఎప్పుడొస్తావని ఒక్కనాడూ అడగలేదు. అచ్చం ఆ మొహమే కనిపించింది. లాగేశాను. మేమిద్దరం కలిసి కప్పంతా వీధిలోకి ఈడ్చి, కుడితి గోలెంలో ఉన్నది దాని మీద కుమ్మరించాం.

ఆ తర్వాత గాలి పడిపోయింది. మంట పక్కింటి దాకా కూడా రాకుండానే ఆగింది.

గాలి అలాగే ఉంటే ఊరు నన్ను మొనగాడనేది. పడిపోయింది కాబట్టి కొంప కూల్చినవాణ్ణయ్యాను. "మంటలార్పే వియ్యంకుడు దొరికాడనుకుంటే కప్పు పీకే వియ్యంకుడు దొరికాడు" అని కాఫీ హోటల్లో నా ఎదురుగానే నవ్వారు. దానికి బాధ లేదు. వీరభద్రయ్యగారు సాయంత్రం వచ్చి, గుమ్మంలో నిలబడి తల పైకెత్తి చూసి, చుట్ట వెలిగించుకున్నారు. అప్పటినుంచీ నాతో మాట లేదు. అందరూ గొడ్లపాకలో పడుకుంటున్నారు. సరోజ క్యారియరు దొడ్డిదారిన తెచ్చి, దించి, నిలబడకుండా పోతోంది. "మామయ్యగారు భోజనం చేసేటప్పుడు నా మొహం చూడట్లేదు నాన్నా" అంది. యూనిఫాం వేసుకున్నన్నాళ్ళూ తలుపులు పగలగొట్టినా దండాలు పెట్టారు. ఇప్పుడు నేనెవర్ని? నేనిక్కడ ఉండటం వల్ల పిల్లకే చేటయితే పిల్ల కోసం వచ్చి ఏం లాభం? మృగశిర వస్తే వానలు. ఈలోపు కప్పు వేసి బయల్దేరాలనుకుంటున్నాను.

ఇక్కడిదాకా రాసి ఆపాను. మళ్ళీ ఆదివారం రాస్తున్నాను.

పెనుగొలను నుంచి బండెడు తాటాకు తోలించుకుని, ఎవరూ పిలవకుండానే వాళ్ళ వాసాల మీదికెక్కాను. చేతులు ఇంకా పనికొస్తాయి, నిచ్చెన ఎక్కేటప్పుడే మోకాళ్ళు తిట్టాయి. వీరభద్రయ్యగారు కింద మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తూ అటే చూస్తున్నారు. నేను దిగి ఆకు తీసుకుని మళ్ళీ ఎక్కుతున్నాను. ఆయన చూస్తూనే ఉన్నారు. నాలుగైదు సార్లు అలా అయ్యాక చుట్ట ఆర్పి, లేచి, ఆకు మోపు ఎత్తి పైకి అందించారు. పొద్దు వాలేదాకా ఆయన అందిస్తే నేను కట్టాను. గుమ్మంలో సరోజ నిలబడి చూస్తోంది.

చివరి వరస దగ్గర నేను తాడు బిగించి రెండో ముడి వేయబోతుంటే కింద నుంచి అన్నారు:

"బావగారూ, పడమటి వైపు కట్లు మరీ అంత బిగించకండి. మళ్ళీ అవసరమైతే ఒక్క లాగుకి ఊడాలిగా."

అక్కయ్యా, నా చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. కన్నీళ్ళు కారిపోతుంటే చెమటన్నట్టు భుజం మీద తుండుతో తుడుచుకున్నాను. అప్పుడు జారుముడి వేశాను.

బావగారికి నా నమస్కారాలు. పిల్లలకి ఆశీస్సులు. అప్పన్న గుడికి వెళ్ళినప్పుడు సరోజ పేరున ఒక కొబ్బరికాయ కొట్టించు. దేవుడూ నువ్వూ చల్లగా చూస్తే మాకింకేం కావాలి.

నీ తమ్ముడు,
సింహాచలం

పెరటి గది అద్దెకిచ్చేయి. ఎండుచేపలు మాత్రం ఎవరైనా ఇటు వస్తుంటే పంపించు.