జంతికలూ మౌనమూ

సుశీలా,

అమ్మాయికి ఇంగ్లండులో హాస్టలున్న బడి ఖాయమైంది. క్వేకర్లనే క్రైస్తవులది. నిన్న వాళ్ల హెడ్మిస్ట్రెస్ ఇంత దూరం ఈ గల్ఫుకి, సల్వాలో మనింటికే వచ్చి, కూర్చోగానే కళ్లు మూసుకుని మాట్లాడటం మానేసింది. మన కోనసీమలో ఇంటికొచ్చిన మనిషి నోరు విప్పకపోతే అలిగినట్టే కదా! కంగారుపడి నాలుగుసార్లు నా చేతి జంతికలు అందించాను.

చివరికి ఆవిడ నాకూ అమ్మాయికీ షేక్‌హ్యాండ్ ఇచ్చి, మౌనమే తమ ప్రార్థననీ, చేతులు కలిపితే అది ముగిసినట్టనీ చెప్పింది. తర్వాత ఒక జంతిక కొరికి, పాపం, మళ్లీ మౌనం వహించింది.

ఆవిడ వెళ్లాక అమ్మాయి, "అమ్మకైతే ఈ బళ్లో సీటిచ్చేవారు కాదు నాన్నా!" అంది. పడీపడీ నవ్వాం. ఆ తర్వాత ఇద్దరికీ మాట రాలేదు. ఈ ఇంట్లో మాటలు నీ వంతు. నువ్వు పోయి ఏడాదైనా మాకింకా అలవాటు కాలేదు. అలా ఎంతసేపు కూర్చున్నామో తెలీదు.

చివరికి అమ్మాయే చేయి చాపి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చింది.