పెద్దమ్మ తోట నా పేర

శుక్రవారం, మండపేట

పిల్లల్లేని మా పెద్దమ్మ ఇవాళ తన కొబ్బరితోటను నా పేర గిఫ్టు రిజిస్ట్రేషన్ చేసేసింది. వారసత్వ పన్ను మళ్ళీ పెడతారట, బతికుండగానే రాసిచ్చేస్తే ఆ బెడద ఉండదని మా ఆయనే చెవినిల్లు కట్టుకుని పోరారు. ఆమె బతికినన్నాళ్ళూ కాయల మీద హక్కు ఆమెదేనని రాయిద్దామన్నాను.

"మనలో మనకి అవన్నీ ఎందుకే?" అన్నారాయన. ఊరుకున్నాను.

సాయంత్రం తోటలో కాయలు దింపిస్తుంటే పెద్దమ్మ నా దగ్గరకొచ్చి, "అమ్మాయ్, ఓ రెండు బొండాలు పట్టుకెళ్ళనా?" అని అడిగింది.

తను పెంచిన చెట్లవే! నేను తలొంచుకుని కాయలు లెక్కపెడుతూనే ఉన్నాను.

ఈయన మాత్రం నవ్వుతూ, "రెండు సరిపోతాయి కదండీ, అత్తయ్యగారూ?" అన్నారు.

ఇప్పుడు పక్కనే నిద్రపోతున్నారు. ఆయన్ని చూస్తుంటే భయమేస్తోంది. నా మౌనం తలుచుకుంటే ఇంకా భయం...

పెద్దమ్మ ఒక్క బొండమే పట్టుకెళ్ళింది.