చదివింపుల మైకులో వచ్చిన కబురు

అంగలకుదురు వాస్తవ్యులు వేంకటేశ్వర్లు గారి పెద్ద కుమార్తె, బాపట్లలో కాపురముంటున్న కృష్ణతేజ గారి భార్య, ఎమ్మెస్సీ చదివి జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతున్న ఇరవై ఏడేళ్ల వాగ్దేవి అను నేను, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది.

ఒళ్లు బరువుగా ఉంది గాని బుద్ధి స్థిమితంగానే ఉంది. రాయమని ఎవరూ బలవంతం చేయలేదు. రాయొద్దని మాత్రం చేశారు. "నిండు నెలల మనిషివి, అవేం రాతలమ్మా" అని మా అత్తగారు రెండుసార్లు కాగితాలు దాచేశారు. బుధవారం నాడు తెనాలిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తారు. బిడ్డ అడ్డం తిరిగింది, నాకు బీపీ పెరిగింది. భయం లేదని డాక్టరమ్మ అన్నారు, తిరిగొస్తాననే నేనూ అనుకుంటున్నాను. అయినా ఒక మాట నాలుగేళ్లుగా నా దగ్గర ఉండిపోయింది. అది నాతో పోకూడదు. ఆస్తిపాస్తులు దాని పక్కన రాస్తున్నవే.

1. నా జీతంతో కొనుక్కున్న స్కూటీ నా చెల్లెలు శరణ్యకు చెందాలి. బండి తనే నడపాలన్నది షరతు. వెనక కూర్చుని "నెమ్మదిగా పోనీ" అనడానికైతే ఇవ్వడం లేదు. తెల్లవారుజామున ఒక్కతే సూర్యలంక వెళ్లి సముద్రం చూసి రావచ్చు. నేను పద్దెనిమిదిసార్లు వెళ్లాను. ఇంట్లో తెలిసినవి నాలుగు.

2. మా బాబాయి బసవేశ్వరరావు గారికి ఏమీ ఇవ్వడం లేదు. కారణం నాలుగో అంశంలో ఉంది.

3. రేపల్లె సుందరయ్య గారి సన్నాయిని నేను రికార్డు చేసుకున్న పదకొండు క్యాసెట్లు, టేప్‌రికార్డరుతో సహా, ఆయన కొడుకు దత్తుకు ఇవ్వాలి. సుందరయ్య గారెవరో నా బిడ్డకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. తెనాలి, రేపల్లె, బాపట్లలో ఆయన మేళం దొరికాకే ముహూర్తం ఖాయం చేసుకునే ఇళ్లు ఉండేవి. అప్పగింతలప్పుడు ఆయన వాయిస్తే పెళ్లికూతురి కంటే ముందు వంటవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. చిన్నప్పుడు నేను పిలవని పెళ్లిళ్లకు కూడా వెళ్లి డోలు పక్కన కూర్చునేదాన్ని. "ఈ పిల్ల మా మేళంలో మనిషండి" అని ఆయన అంటే ఇక ఎవరూ లేపేవారు కాదు. నా పెళ్లి కుదరగానే నేనే రైలెక్కి రేపల్లె వెళ్లి, ఆయన చేతిలో తాంబూలం పెట్టి మాట తీసుకున్నాను. మూడో క్యాసెట్టు మధ్యలో దగ్గుతున్నది నేనే. తండ్రి వాయించింది దత్తు దగ్గర ఒక్కటీ లేదు. రోజూ వినేవాడికి దాచుకోవాలని తోచదు.

4. ఇది ఆస్తి కాదు, వాంగ్మూలం. నా పెళ్లి 2003 మే 14న తెనాలిలో జరిగింది. ఆ రోజే సుందరయ్య గారు పోయారు. ఆ కబురు వచ్చినప్పుడు ఎవరెక్కడున్నారో రెండు వైపుల బంధువులూ ఇప్పటికీ చెప్పుకుంటారు. తలంబ్రాలు అయ్యాయి. కొండయ్య మాస్టారు మైకు పట్టుకుని చదివింపులు చదువుతున్నారు. ఎవరు ఏ కానుక ఇచ్చారో చీటీల మీద రాసి అందిస్తుంటే ఆయన చదువుకుంటూ పోతున్నారు. రేపల్లె నుంచి వచ్చిన ఒకాయన మా నాన్నకు ఇవ్వమని పంపిన చీటీ ఆ చీటీల్లో కలిసిపోయింది. "అంగలకుదురు మాణిక్యాంబ గారు, స్టీలు బిందె. చీరాల హైమావతి గారు, గోడ గడియారం. రేపల్లె సుందరయ్య గారు, ఈ ఉదయం అయిదు గంటలకు స్వర్గస్థులైనారు." అదే గొంతు, అదే వరుస. తరువాతి చీటీ చేతిలోకి తీసుకున్నాక గాని తానేం చదివారో మాస్టారికి తెలియలేదు.

శరణ్య అప్పుడు ఐస్‌క్రీము దగ్గర ఉందట. మా నాన్న వియ్యాలవారి బస్సు చూడటానికి బయటికెళ్లారట. మా ఆయన నా జడలో చిక్కిన తలంబ్రాల బియ్యం ఏరుతున్నారు. నువ్వెక్కడున్నావని అడిగిన ప్రతివాళ్లకీ "పీటల మీద" అని చెబుతూ వచ్చాను. అది సగమే నిజం.

ఆ మాట నేను వినడం అప్పటికి రెండోసారి. పొద్దున ఏడున్నరకు అందరూ టిఫిన్లకు వెళితే పెళ్లికూతురి గదిలో ఒక్కదాన్నే కిటికీ దగ్గర నిలబడ్డాను. కిటికీ అవతలే మండపం గేటు. దత్తు మొదటి ప్యాసింజరుకు వచ్చి బాబాయితో అంటున్నాడు: "నాన్న తెల్లారగట్ల పోయారండి. ఈ పెళ్లికి మేళం ఆగకూడదని రాత్రి కూడా అన్నారండి. అమ్మాయిగారి చేత్తో తాంబూలం తీసుకున్నారు కదండి. మీకు చెప్పకుండా వాయించడం తప్పు. వద్దంటే వెళ్లిపోతానండి." బాబాయి అటూ ఇటూ చూసి, "మూడు గంటల్లో ముహూర్తం పెట్టుకుని ఇంకో మేళం ఎక్కణ్ణించి తెమ్మంటావురా? నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. పోయి కూర్చో" అన్నారు.

మైకులో కబురు వచ్చాక మా అత్తగారు లేచి నిలబడి, "మైలలో ఉన్నవాడి చేత గట్టిమేళం వాయించారా?" అని అడిగారు. "నాకు తెలిస్తే వాణ్ణి గేటు దాటనిస్తానా వదినగారూ" అని అదే బాబాయి అన్నారు. దత్తు ఆయన వంక ఒకసారి చూశాడు. సన్నాయి గుడ్డలో చుట్టుకుని, తండ్రి శవం దగ్గరికి రైలెక్కాడు.

నేను చెప్పి ఉండవచ్చు. పొద్దున చెబితే పెళ్లి ఆగుతుందేమోనని చెప్పలేదు. తరువాత చెబితే కొత్త కోడల్ని ఏమంటారోనని చెప్పలేదు. దేనికీ నోరు మూయదని పేరున్న నేను అక్కడ మూశాను. నాలుగేళ్లుగా దత్తును ఎవరూ ఒక్క పెళ్లికీ పిలవలేదు. "పెళ్లిలో మైల కలిపినవాడు" అన్నారు, అదే నిలిచిపోయింది. రేపల్లె బస్టాండు దగ్గర సెల్‌ఫోను రీఛార్జి కార్డులు అమ్ముకుంటున్నాడు. కాబట్టి ఈ కాగితం ఎవరి చేతికి వచ్చినా ఇది చదివి నలుగురికీ చెప్పవలసింది: దత్తు దాచలేదు, ముందే చెప్పాడు. దాచింది బాబాయి, నేను.

5. నా ఆసుపత్రి ఫైలు మా అత్తగారు కనకలక్ష్మి గారికి. నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ మేళాన్నే అన్నారు. ఆ మాటల చాటున నేను సుఖంగా కూర్చున్నాను. అది తలచుకుంటే నాకే సిగ్గుగా ఉంది. అత్తయ్యా, నాలుగో పేజీ చూడండి. గర్భసంచి ముఖద్వారం బలహీనమైంది, బిడ్డ బరువు ఆపలేకపోయింది. ఈసారి నాలుగో నెలలో కుట్టు వేశారు, నిలిచింది. అంతే కారణం. ఆకుపచ్చ పట్టుచీర కూడా మీకే. బీరువా తీసినప్పుడల్లా మీరు దాన్ని ఒకసారి తడిమి చూస్తారు, నేను చూడనట్టు ఊరుకుంటాను.

6. నగలు, పుస్తకాలు, బ్యాంకులో ఉన్నది, ఇంకా నేను మరచిపోయినవన్నీ నా భర్త కృష్ణతేజకు, మా బిడ్డకు. దీన్ని అమలు జరపవలసింది ఆయనే. అమ్మాయి అయితే పన్నెండేళ్లు నిండేలోపు ఈత, సైకిలు, ఒంటరిగా రైలు ప్రయాణం నేర్పాలి. అబ్బాయి అయితే వాటితోపాటు వంట. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోదలిస్తే నాకు అభ్యంతరం లేదు. మేళం మాత్రం దత్తుదే అయి ఉండాలి.

7. బిడ్డకు ఇరవై ఒకటో రోజున బాపట్ల ఇంట్లో బారసాల చేయాలి, దత్తు మేళంతో. నేనున్నా, లేకపోయినా. లేకపోతే నా పన్నెండో రోజు కూడా అప్పటికి దాటిపోతుంది, మైల అడ్డం చెప్పడానికి వీల్లేదు. రోజులు చూసుకునే రాస్తున్నాను. పోయిన ఆదివారం మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన "కారు మాట్లాడతాను, రేపల్లె వెళ్దాం పద" అన్నారు. రీఛార్జి కార్డుల బల్ల మీదే దత్తుకు తాంబూలం పెట్టాను. కిటికీ సంగతి చెప్పాను. "తెలుసండి. కిటికీలో మీ గాజుల చెయ్యి కనపడింది" అన్నాడు. నాలుగేళ్లూ తెలిసే ఊరుకున్నాడు. "ఊపిరి సరిపోతుందో లేదోనండి, పొద్దున్నే సాధన చేస్తాను" అన్నాడు. తాంబూలం తీసుకుని కళ్లకద్దుకున్నాక, "మీ అత్తగారికి తెలుసాండి?" అని అడిగాడు. తెలుస్తుందన్నాను.

నేను తిరిగొస్తే నాలుగో, ఏడో అంశాలు తప్ప ఇందులో మిగిలినవన్నీ రద్దు. నా వస్తువులు నాకు కావాలి.

బాపట్ల, 2007 ఆగస్టు 19, ఆదివారం.

(సంతకం) వాగ్దేవి

మా ఎదుట సంతకం చేయగా చూసిన సాక్షులు:

1. కరుణ, వాగ్దేవితో పాటు కాలేజీలో పనిచేస్తున్న అధ్యాపకురాలు, బాపట్ల.

2. కనకలక్ష్మి, అత్తగారు. సాక్షి చదవక్కర్లేదని కరుణ చెప్పింది గాని మొత్తం చదివాకే సంతకం పెట్టాను. ఏడో అంశంలో మేళం వాళ్ల భోజనాల సంగతి రాయలేదు. అది నేను చూసుకుంటాను. నాలుగో అంశం గురించి నీతో మాట్లాడేది ఉంది, ఇంటికొచ్చాక.