పిచ్చుక ఎక్కిన నిచ్చెన

జనవరి 9

ప్రియమైన వదినకి,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడు పేజీలు కుర్చీ గురించే రాశావు. కుర్చీ మీద చేతులు ఆనించడం, కుర్చీలోంచి కాళ్లు దూర్చడం, కుర్చీకి నడుము ఆనించి వెనక్కి వాలడం. అది యోగానా, ఇల్లు మారేటప్పుడు సామాను సర్దుకోవడమా? కోప్పడకు. ఫోన్లో ఈ మాట అందామంటే పక్కన అన్నయ్య చేరి "ఏంటట? ఏమంటోందట?" అని ప్రాణం తీస్తాడు. మనకి ఉత్తరాలే మేలు.

నాకు అష్టాంగ విన్యాసమే ఇష్టం. ఎందుకని అడిగావు గనక చెబుతున్నాను. పొద్దున ఆరింటికి రేవులో క్రేను ఎక్కుతాను. నలభై మీటర్ల ఎత్తున గాజు గది. కాళ్ల కింద కూడా గాజే. మెడ వంచి ఆ గాజులోంచి ఓడ మీది కంటైనర్లను చూస్తూ, ఒక్కొక్కటే పైకి లేపి లారీ మీదికి దించాలి. వేళ్లు తప్ప ఒళ్లు కదలదు. దిగేసరికి మనిషిని కొయ్యబారిపోతాను. ఇంటికొచ్చి సూర్యనమస్కారాలు మొదలుపెట్టి, ఆసనం వెంట ఆసనం ఆగకుండా గంటంబావు చేస్తే, చెమటతో పాటు ఆ కొయ్యతనం కారిపోతుంది. ఆఖర్న ఐదు నిమిషాలు శీర్షాసనం. మా ఆయన టీ తాగుతూ "ఏమేవ్, ఫ్యాను తిరగట్లేదు, అక్కడినుంచి కనిపిస్తోందా?" అని అడుగుతాడు.

ఈమధ్య ఎడమచేతి బొటనవేలు తిమ్మిరెక్కుతోంది. చలికి అయ్యుంటుంది.

నీ ఆడపడుచు,
పిచ్చుక

జనవరి 20

పిచ్చుకమ్మకి ప్రేమతో,

సామాను సర్దుకోవడమే అనుకో, నాకేం తక్కువ కాదు. ఇరవై రెండేళ్లుగా బట్టల కటింగ్ మాస్టర్‌ని. నలభై పొరల గుడ్డ బల్ల మీద పరిచి కటింగ్ మిషనుతో ఒక్క దెబ్బకి కోస్తాను. గీత అర అంగుళం పక్కకు పోతే నలభై చొక్కాలు వంకర. అందుకే అయ్యంగార్ పద్ధతి నాకు నచ్చింది. అక్కడ పరుగు లేదు. మడమ ఎక్కడ ఉండాలి, భుజం ఎంత తిరగాలి, మెడ ఎంత పొడవు కావాలి, అన్నీ చూసి నిలబెడతారు. చెయ్యి నేలకు అందకపోతే చెక్క దిమ్మె పెడతారు. కాలు అందకపోతే బెల్టు ఇస్తారు. అందలేదని ఎవరూ నవ్వరు.

అసలు మొదలుపెట్టింది మోకాళ్ల నొప్పికే అని మీ అన్నయ్య నీకు చెప్పే ఉంటాడు.

ఇక అసలు విషయం. బొటనవేలికి చలి వేస్తే మిగతా నాలుగు వేళ్లకీ వెయ్యాలి కదే! ఎనిమిది గంటలు వంచిన మెడ మీద ఇంటికొచ్చి ఒంటి బరువంతా మోపుతున్నావు. శీర్షాసనం ఆపు. డాక్టరుకి చూపించు. నవ్వినా సరే, చూపించాకే నవ్వు.

మీ వదిన

మార్చి 2

ప్రియమైన వదినకి,

చూపించాను. నవ్వడం లేదు.

మెడ ఎముకల మధ్య మెత్తని పొర ఒకటి పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోందట. వేలు తిమ్మిరి అక్కడి నుంచే. బొటనవేలికి, చూపుడువేలికి ఇప్పుడు వేడో చల్లనో తెలియడం లేదు. శీర్షాసనం ఇక జన్మలో వద్దన్నారు. క్రేను ఆరు నెలలు వద్దన్నారు. ఆపరేషన్ అక్కర్లేదు, వ్యాయామంతో తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు. ఆగస్టు ఆఖరికి రేవు వాళ్లు పరీక్ష పెడతారు. మామూలుగా లిఫ్టులోనే ఎక్కుతాం. కానీ అది ఆగిపోతే ఆపరేటర్ తనంతట తాను నిచ్చెన మీద దిగగలగాలి. అందుకని నూట నలభై మెట్లు ఎక్కి, దిగి చూపించాలి. లేదంటే గేటు ఆఫీసులో లారీల నంబర్లు రాసుకునే పని.

వదినా, ఈ రేవులో క్రేను నడిపే ఆడమనిషిని నేనొక్కదాన్నే. నేను చేరిన రోజున "ఈ పిచ్చుక ఎన్నాళ్లు ఉంటుందిలే" అన్నారు. ఆ పేరే మిగిలింది, నేనూ పదకొండేళ్లు మిగిలాను. నిన్న బట్టలు మార్చుకునే గదిలో గోడ అవతల ఎవరో అంటున్నారు, "అప్పుడే చెప్పాం కదా" అని.

నీ కుర్చీ సంగతి కొంచెం వివరంగా రాయి.

పిచ్చుక

మార్చి 8

పిచ్చుకా,

"చెప్పాను కదా" అనే మాట ఈ ఉత్తరంలో ఎక్కడా ఉండదు. వెతుక్కోకు.

ముందు మీ డాక్టరుకి ఈ కాగితం చూపించు, ఆయన సరేనంటేనే చెయ్యి. ఒకటి, గోడకి వీపు ఆనించి నిలబడు. తల వెనక భాగం గోడకి తగలాలి, గడ్డం పైకి లేవకూడదు. తగలకపోతే మధ్యలో మడత పెట్టిన తువ్వాలు పెట్టు. ఎన్ని మడతలో రాసుకో. ఆ మడతలు తగ్గడమే నీ ప్రగతి. రెండు, కుర్చీ వీపు పట్టుకుని వెనక్కి నడిచి, నడుము దగ్గర వంగి, చేతులూ వెన్నూ బల్లలా చాచు. మెడని వేలాడనివ్వకు. మూడు, బెల్టు రెండు చేతులకీ చుట్టి నెమ్మదిగా పైకెత్తు.

నీకు విసుగొస్తుంది. వారం తిరక్కముందే "ఇందులో చెమటేది?" అని రాస్తావు. చెమట రాదు. ఓపిక వస్తుంది.

మడతల లెక్క ప్రతి ఆదివారం రాయి.

వదిన

జూన్ 14

వదినా,

తువ్వాలు తీసేశాను! మార్చిలో ఆరు మడతలు, మేలో రెండు, ఇవాళ ఏదీ లేకుండా తల గోడకి తగిలింది. ఇంకో ముఖ్యమైన మాట: పొద్దున టీ గ్లాసు పట్టుకుంటే బొటనవేలు చురుక్కుమంది. గ్లాసు జారవిడిచి ఎగిరి గంతేశాను. మా ఆయన పరుగున వచ్చి "కాలిందా?" అన్నాడు. "కాలింది! కాలింది!" అని నవ్వుతుంటే, మెడతో పాటు బుర్ర కూడా కదిలిందేమోనని చూస్తూ నిలబడ్డాడు.

మొదటి పదిహేను రోజులూ నిన్ను తిట్టుకున్న మాట నిజం. ఇప్పుడు మాత్రం నీ పద్ధతిలో నాకు నచ్చింది ఒకటుంది. నా పద్ధతిలో ఎక్కడ నొప్పి ఉందో తెలిసేలోపే తరవాతి ఆసనంలోకి వెళ్లిపోయేదాన్ని. ఇక్కడ తప్పించుకునే దారి లేదు.

పిచ్చుక

ఆగస్టు 3

వదినకి,

మెడ బాగుంది. డాక్టరు సంతకం పెట్టాడు. వేళ్లు పనిచేస్తున్నాయి.

నిన్న సాధన కోసం నిచ్చెన ఎక్కాను. ముప్ఫయ్యో మెట్టు దగ్గర ఆగిపోయాను. ఏ నొప్పీ లేదు. చేతులు చెమటతో తడిసిపోయాయి, గుండె చెవుల్లో కొట్టుకుంది. వేలు మళ్లీ మొద్దుబారితే, పట్టు జారితే అన్న ఆలోచన ఒక్కటే. పదకొండేళ్లు ఆ ఎత్తున అన్నం తిన్నదాన్ని, మూడంతస్తుల ఎత్తు చూడలేకపోయాను. దిగి వచ్చాను. కింద లారీ డ్రైవర్లు ముగ్గురు చూశారు, తల తిప్పుకున్నారు. వెక్కిరించినా బాగుండేది.

ఇవాళ గేటు ఆఫీసు కాగితం మీద సంతకం పెట్టేశాను. దయచేసి ఇక యోగా గురించి రాయకు.

పిచ్చుక

ఆగస్టు 7

నా పిచ్చుకకి,

నువ్వు వద్దన్నదే రాస్తున్నాను. చదివాక చించేసినా సరే.

నాకు మోకాళ్ల నొప్పి ఎప్పుడూ లేదు. నాలుగేళ్ల క్రితం, పనిచేస్తూ ఉండగా గుండె గుర్రంలా పరుగెత్తింది. ఊపిరి ఆడలేదు. చచ్చిపోతున్నాననుకున్నాను. డాక్టర్లు గుండె గట్టిదే అన్నారు. కానీ ఆ భయం మళ్లీ వస్తుందేమోనన్న భయంతో మిషను పట్టుకుంటే చెయ్యి వణికేది. ఒక రోజు నలభై పొరలూ వంకరగా కోసేశాను. ఆ సాయంత్రం పని మానేస్తున్నానని యజమానురాలితో చెప్పేశాను. ఆవిడ వారం రోజులు ఇంట్లో ఉండి రమ్మంది. మీ అన్నయ్య కంగారుపడతాడని మోకాళ్లన్నాను.

యోగా టీచరమ్మ మొదటి నెలంతా నాచేత ఒక్క ఆసనం వేయించలేదు. దుప్పట్లు మడిచి వీపు కింద పెట్టి పడుకోబెట్టింది. "భయం పోవాలని చూడకమ్మా. పీల్చే గాలి సంగతి వదిలెయ్యి. వదిలే గాలిని పొడుగు చెయ్యి, అంతే" అంది. నాలుగు లెక్కబెడుతూ పీల్చి, ఎనిమిది లెక్కబెడుతూ వదలడం. తరవాత నిలబడి అదే. తరవాత మిషను పట్టుకుని అదే. వదిలే ఊపిరి మీదే కోత మొదలుపెట్టేదాన్ని. భయం ఇప్పటికీ వస్తుంది. వచ్చి పక్కన నిలబడుతుంది, నేను గుడ్డ కోస్తాను.

నువ్వు దిగి వచ్చినందుకు సిగ్గుపడకు. మెడ మీద ఐదు నెలలు పనిచేశావు, భయం మీద ఒక్క రోజు కూడా చెయ్యలేదు. అంతే తేడా. పది మెట్లు ఎక్కు, ఆగు, ఊపిరి వదులు, దిగు. మర్నాడు పన్నెండు.

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మీ వదిన

ఆగస్టు 31

నా బంగారు వదినకి,

నీ ఉత్తరం చించలేదు. మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. నాలుగో రోజు గేటు ఆఫీసు కాగితం వెనక్కి ఇమ్మని సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాను. "పరీక్షకి నిలబడతావా, మళ్లీ మధ్యలో దిగొస్తావా?" అన్నాడు. "దిగాల్సి వస్తే దిగుతానండీ, మళ్లీ ఎక్కుతాను" అన్నాను. పరీక్షకి పేరు రాసుకున్నాడు.

రోజూ సాయంత్రం నిచ్చెన దగ్గరికి వెళ్లాను. పది మెట్లు. పన్నెండు. ఇరవై. ముప్ఫయ్యో మెట్టు దగ్గర రెండు రోజులు ఇరుక్కున్నాను. మూడో రోజు అక్కడే నిలబడి యాభై ఊపిర్లు వదిలాను. లారీ డ్రైవర్లు ఇంజన్లు ఆపి చూస్తున్నారు. యాభై ఒకటో ఊపిరికి కాలు దానంతట అదే పైమెట్టు మీద పడింది.

నిన్న పరీక్ష. నడుముకి తాడు కట్టి, వెనకాల భద్రతా అధికారిని ఎక్కించారు. తెలుసుగా, గుబురు మీసాలాయన, నేను చేరినప్పుడు నా చేతి తొడుగుల సైజు లేదని నవ్వినాయన. ఇరవై నిమిషాల గడువు. నిచ్చెన పక్కన ఆగి నిలబడేందుకు ఉండే ఇనుప చట్రాల్లో మూడోదాని దాకా బాగానే సాగింది. అక్కడ గాలి కొట్టింది, నిచ్చెన సన్నగా వణికింది. గుండె మళ్లీ దడ మొదలుపెట్టింది. ఆగాను.

"ఏమైంది? దిగుదామా?" అని కింది నుంచి కేక.

"ఊపిరి వదులుతున్నానండీ!"

"ఇప్పుడా?"

"ఇప్పుడే!"

ఎనిమిది లెక్కబెట్టాను. మళ్లీ ఎనిమిది. భయం పోలేదు వదినా, నువ్వు చెప్పినట్టే పక్కన నిలబడింది. దాన్ని అక్కడే నిలబెట్టి నేను ఎక్కాను. నూట నలభయ్యో మెట్టు మీద చెయ్యి పడేసరికి పదమూడు నిమిషాలు. ఐదు నిమిషాల తరవాత మీసాలాయన వచ్చి చట్రం మీద కూలబడ్డాడు. ఎగపోస్తూ, "ఆ ఎనిమిది లెక్క ఏంటో నాకూ చెప్పమ్మా" అన్నాడు. అక్కడే, నలభై మీటర్ల ఎత్తున, ఆయనకి మొదటి పాఠం చెప్పాను. తరవాత ఆగకుండా దిగాను. నేల మీద కాలు పెట్టేసరికి లారీ హారన్లు! ఒకటి మొదలుపెట్టింది, రేవు రేవంతా అందుకుంది. సూపర్‌వైజర్ చెవులు మూసుకుని నవ్వుతూ కాగితం మీద సంతకం పెట్టాడు.

పొద్దున బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్తే ఆరుగురు ఆపరేటర్లు నా కోసం నిలబడి ఉన్నారు. అందరివీ మెడ నొప్పులే. ఇన్నాళ్లూ ఒకరికి తెలియకుండా ఒకరు మాత్రలు మింగుతున్నారు. "నేర్పుతావా?" అన్నారు. లోడు కట్టే బెల్టులు తెచ్చాను, క్యాంటీన్ కుర్చీలు పట్టుకొచ్చాను, అందరినీ వరసగా గోడకి నిలబెట్టాను. ఒకాయన "ఇందులో చెమటేది?" అన్నాడు. "చెమట రాదు, ఓపిక వస్తుంది" అన్నాను. ఆ మాట నాదే అన్నట్టు అనేశాను, ఏమనుకోకు.

నా పాత పద్ధతి వదల్లేదు. తలకిందులు కాకుండా ఆదివారాలు చెమట పట్టేదాకా చేస్తాను, ఆ పరుగంటే నాకు ప్రాణం. మిగతా రోజులు నీ కుర్చీ. సామాను సర్దుకోవడం అన్నందుకు రెండు చేతులూ జోడించి క్షమాపణ.

రేపు ఆరు గంటలకి పెద్ద ఓడ వస్తోంది. రెండు వందల పెట్టెలు నా వంతు. ఒక్కటీ చప్పుడు చెయ్యకుండా దించుతాను, చూస్తూ ఉండు.

ఎప్పటికీ నీ
పిచ్చుక