సర్కారు ఇచ్చిన విత్తనపు వడ్లు

ఏవండీ,

మీరు కన్నుమూసి ఏడాది నిండింది. మిషను బడిలో నేర్చుకున్న ఈ నాలుగు అక్షరాలతో మీకు చెప్పుకోవలసినది ఒకటుంది.

కొల్లేరు పొంగి చేలు మునిగినవాళ్ళకు సర్కారు కైకలూరులో విత్తనపు వడ్లు ఇచ్చింది. మన వంతు బస్తా నేనే వెళ్ళి తెచ్చాను. కానీ జ్వరపడి లేచిన పాప అన్నం కోసం ఏడుస్తుంటే చూడలేక దంచి వండేశాను. ఒక్క పూటకే అనుకున్నాను. బస్తా అంతా అయిపోయింది. మీరైతే పస్తుండేవారే గానీ విత్తనం ముట్టేవారు కాదు.

నిన్న ఇన్‌స్పెక్టరుగారు నారుమళ్ళు చూడడానికి వచ్చారు. మన మడి ఖాళీగా ఉంది.

"ఏవమ్మా, విత్తనాలేం చేశావు?" అన్నారు.

నీళ్ళ దగ్గర తగవుపడి మీరు మాట్లాడడం మానేసిన పక్క చేను సూరమ్మ గట్టు దిగి వచ్చింది. "ఆవిడ నారు మా మడిలోనే పోసిందండీ. అందులో సగం ఆవిడదేనండీ" అంది. ఆయన సరేనని వెళ్ళిపోయారు.

"వదినా, ఆ వడ్లు నేను..." అనబోయాను.

"పిల్ల బతికింది, చాల్లే. రేపు నారు పీక్కెళ్ళి నాటుకో" అంది.

ఈరోజు నాటాను. దారినపోయేవాళ్ళు "ఆయన లేకపోయినా చేను బీడు పడనివ్వలేదమ్మా" అని మెచ్చుకుంటుంటే, వంచిన తల ఎత్తలేకపోయానండీ.